క్లబ్బు ముందరి బల్ల

రెండు లైసెన్సులూ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. పైన ఆయనది, కింద ఆమెది. విమానాలు నడిపేవాళ్ళకి ఆరోగ్య పరీక్షలు చేసే డాక్టరు కవరందుకుని పైదాన్ని బయటికి తీశాడు. అట్ట రంగు వెలిసిపోయింది గానీ ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు.

"పరదేశం లైసెన్సు. చాలా ఏళ్ళు నడిపినట్టున్నారే?"

"సెలవు దొరికితే చాలు, గాల్లోనే ఉండేవాణ్ణండీ" అన్నాడాయన కుర్చీలో కాస్త నిటారుగా జరిగి. "ఉద్యోగం మారి ఈ దేశం వచ్చాక నేలకి అంటుకుపోయాను. ఇప్పుడు రిటైరయ్యాను కదా, సరదాకి మళ్ళీ మొదలుపెడదామని. పాత లైసెన్సు చెల్లుతుంది గానీ ముందు మీ సంతకం, తర్వాత వాళ్ళ పరీక్ష కావాలన్నారు క్లబ్బువాళ్ళు."

డాక్టరు కవరు తిరిగి ఇవ్వబోతూ అందులో ఇంకొకటి ఉందని చూశాడు. "ఇదెవరిది?"

"అదా? మా ఆవిడది" అన్నాడాయన, పక్కింటివాళ్ళ గొడుగు మనింట్లో ఉండిపోతే చెప్పినట్టు.

డాక్టరు దాన్ని తిప్పి చూశాడు. "మీకంటే ముందే వచ్చిందే ఈవిడకి!"

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి కదండీ."

డాక్టరు నవ్వాడు, నర్సు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఎన్నో ఏళ్ళుగా ఈ సామెత దగ్గర నవ్వుతూనే ఉంది. అలవాటైన చోట నవ్వు పిలవకుండానే వస్తుంది.

ఇద్దరి కళ్ళూ చెవులూ చూడటం అయ్యాక కాసేపు వరండాలో కూర్చోబెట్టారు. ఆయన మంచి హుషారు మీదున్నాడు. చలిగాలి తగలకుండా ఆమె బలవంతాన చుట్టిన ఎర్ర మఫ్లరుని వదులు చేసుకుంటూ, "క్లబ్బు ముందర బల్ల ఉంది, చూశావా?" అన్నాడు. "అచ్చం అక్కడి బల్లలాంటిదే. నువ్వు దాని మీద కూర్చుని చెయ్యి ఊపేదానివి, ఒళ్ళో చిన్నది."

"అప్పుడు మీకు కనిపించేదా?"

"కనిపించకేం? ప్రతిసారీ చూసేవాణ్ణి."

ఈ ప్రశ్న, ఈ జవాబు కూడా పాతవే. ఆ బల్ల మీద ఆమె ఫ్లాస్కు మూత తీసింది, పెట్టింది. పిల్లకి పాలు పట్టింది, ఎక్కాలు నేర్పింది, జడ వేసింది. ఆయన దిగగానే "ఎలా ఉంది గాలి?" అని అడిగింది. గాలి ఎలా ఉందో ఆమెకి తెలుసు. చెట్ల కొమ్మలు చూస్తే తెలుస్తుంది. అయినా అడిగింది, చెప్పే మనిషి కళ్ళల్లో ఆ గాలి ఇంకా కాస్త మిగిలి ఉంటుందని.

ఆమెకి అన్నిటికంటే గుర్తున్నది ఒక్కటే. విమానం పరుగెత్తుతుంటే చక్రాల గరగర సీటు కిందనుంచి వెన్నులోకి పాకుతుంది. అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇంజను మోగుతూనే ఉంటుంది, కిందిది మాత్రం ఆగిపోతుంది. నేల వదిలిందన్నమాట. ఆ ఒక్క క్షణం కోసం ఆమె లిఫ్టులో, బస్సు వంతెన దిగేటప్పుడు, పిల్లని ఉయ్యాల ఊపేటప్పుడు లోలోపల చెవి ఒగ్గేది. ఎక్కడా దొరకలేదు.

గుండె పరీక్షకి ముందుగా ఆయన్ని పడుకోబెట్టారు. గళ్ళకాగితం జరజరా బయటికి వస్తోంది. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే మనిషి. డాక్టర్ల మాటలకంటే డాక్టర్ల మౌనాలు ఆమెకి బాగా అర్థమవుతాయి. ఈ డాక్టరు కాగితాన్ని కాసేపు చూసి, నర్సుతో "ఇంకోసారి తీద్దాం" అన్నప్పుడే ఆమె తన చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంది.

"గుండె లయ తప్పుతోందండీ" అన్నాడు డాక్టరు చివరికి. "ప్రాణానికి భయం లేదు. మందులున్నాయి, నడవండి, కారు నడపండి. విమానానికి మాత్రం నేను సంతకం పెట్టలేను."

"ఎన్నాళ్ళు?"

"ఇన్నాళ్ళు అని కాదండీ."

ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి వదిలేసి పెట్టుకున్నాడు. డాక్టరు ఆమె వైపు తిరిగి, మాట మార్చడం కోసమే అన్నట్టు, "మీరు మాత్రం దివ్యంగా ఉన్నారమ్మా" అని ఆమె కాగితం మీద ముద్ర గుద్దాడు. ఆ చప్పుడు ఆ చిన్న గదిలో ఉండాల్సినదానికంటే పెద్దగా వినిపించింది.

రెండు రోజుల తర్వాత ల్యాబులో ఆమె ఓ పెద్దావిడ చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతోంది. సన్నని నరాలు, పక్కకి జారిపోయేవి. "మీ చేతికి పడితే నొప్పి తెలీదమ్మా" అంది పెద్దావిడ ముందుగానే, దేవుడికి దణ్ణం పెట్టుకుని. ఆమె రెండు వేళ్ళ కొసలతో చర్మాన్ని తాకి ఆగింది. గట్టిగా నొక్కితే నరం దాక్కుంటుంది. విమానం కూడా అంతే, బిగించి పట్టుకుంటే మొరాయిస్తుంది, రెండు వేళ్ళతో అడిగితే వింటుంది. ఎప్పుడో నేర్పినాయన చెప్పిన మాట. విమానం పోయినా వేళ్ళు ఆ పాఠం మర్చిపోలేదు.

సూది తీసి దూది పెట్టేసరికి ఫోను మోగింది. క్లబ్బు ఆఫీసులో ఉండే ఆవిడ.

"మేడమ్, మీ లైసెన్సు నిజమైనదేనని ఆ దేశం నుంచి జవాబొచ్చింది. కానీ మీవారు ఫోన్ చేసి రెండు పరీక్షల బుకింగులూ రద్దు చెయ్యమన్నారు కదా, కాగితాలు పోస్టులో పంపెయ్యమంటారా, మీరే వచ్చి తీసుకెళ్తారా?"

"రెండూనా?"

"'మా ఇద్దరివీ' అన్నారు మేడమ్."

ఆమె గొట్టం మీద పేరు చీటీ అంటించింది. వంకర పోయింది. తీసి మళ్ళీ అంటించింది.

"ఆయన కంగారులో అలా చెప్పుంటారమ్మా. నాది ఉంది. శనివారం వస్తాను."

ఇంటికొచ్చేసరికి ఆయన వంటింటి బల్ల దగ్గర కమలాపండు వొలుస్తున్నాడు. తొక్క తెగకుండా ఒకే పొడుగు చుట్టగా తీయడం ఆయన సరదా. ఈ రెండు రోజుల్లో ఆయన చేసిన పెద్ద పని అదే.

"నాది మీరెలా రద్దు చేశారు?"

ఆయన తలెత్తలేదు. "ఇద్దరం కలిసి అనుకున్నాం కదా."

"కలిసే అనుకున్నాం. గుండెలు మాత్రం ఎవరివి వాళ్ళవే."

తొక్క తెగింది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందా అని ఆమెకే అనిపించింది. వెనక్కి తీసుకుందామనుకుంది. తీసుకుంటే దాంతోపాటు శనివారం కూడా పోతుందేమోనని ఊరుకుంది. ఆయన సగం వొలిచిన పండుని పళ్ళెంలో పెట్టి లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి పక్క గదిలో టీవీ మోగింది, ఇంట్లో ఇంకో మనిషి లేదన్నంత గట్టిగా.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. నాన్న అప్పటికే చెప్పేసుకున్నాడని మొదటి మాటలోనే తెలిసిపోయింది.

"అమ్మా, నువ్వు నడపొద్దని కాదే. కొన్నాళ్ళు ఆగొచ్చు కదా?"

"ఎన్నాళ్ళు?"

"నాన్న కాస్త సర్దుకునేదాకా."

"ఆయన సర్దుకునేసరికి నాకు నీ పిల్లలు చేతికర్ర కొనిస్తారు. అప్పుడు ఏం నడపను, దాన్నా?"

కూతురు నవ్వింది. "నాకు ఆ క్లబ్బులో గుర్తున్నదల్లా బల్లేనమ్మా. నువ్వు కూడా నడుపుతావని నాకు ఏడో క్లాసు దాకా తెలీదు, తెలుసా? పాతపెట్టెలో నీ ఫొటో చూసి, నాన్న టోపీ పెట్టుకుని దిగావనుకున్నాను."

"ఆ టోపీ నాదే" అంది ఆమె.

శనివారం ఆమె బస్సులో వెళ్ళింది. ఆయన నిద్ర లేచే ఉన్నాడు, తలుపు వేసిన చప్పుడు విన్నాడు, అడగలేదు. క్లబ్బంటే పెద్ద రేకుల షెడ్డు, గడ్డి పక్కన తారు రన్‌వే, గాలి ఎటుందో చూపే చారల సంచీ. పరీక్ష తీసుకునేది క్లబ్బు శిక్షకుడు, బొద్దుగా ఉండే మనిషి. గాల్లో ఒక్క మాట మాట్లాడడని విని, కాగితాలిచ్చి వచ్చిన మొదటి రోజే ఆయన అతనికి మౌనస్వామి అని పేరు పెట్టిన సంగతి గుర్తొచ్చి ఆమెకి నవ్వొచ్చింది.

మౌనస్వామి గోడ మీది నల్లబల్లని పెన్నుతో చూపించాడు. "చూడండి మేడమ్. ఇక్కడ ఎత్తుమీటరుని సముద్రం నుంచి కొలుస్తాం. నేల మీద నిలబడి ఉన్నప్పుడే ముల్లు ఆరు వందల అడుగులు చూపిస్తుంది, మన ఊరి ఎత్తు అది. రన్‌వే చుట్టూ రౌండు కొట్టేటప్పుడు పదహారు వందల్లో ఉండాలి. సరేనా?"

"సరే సార్."

విమానం చుట్టూ ఆమె నెమ్మదిగా తిరిగింది. రెక్క అంచుని అరచేత్తో నిమిరింది. తోక రెక్కని పైకీ కిందకీ ఆడించింది. రెక్క కింది మీట నొక్కి చిన్న గాజు గొట్టంలోకి పెట్రోలు పట్టి, వెలుతురుకి ఎత్తి నీటిబొట్టు ఉందేమోనని చూసింది, రోజూ రక్తం గొట్టాలని చూసే తీరునే. పెట్రోలు వాసన ముక్కులోకి వెళ్ళగానే కళ్ళు మూసుకుంది. పుట్టింటి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు కూడా ఇలా కాలేదు.

చక్రాల గరగర వెన్నులోకి పాకింది. ఆగింది.

ఆమె "హమ్మయ్య" అంది, పైకే. మౌనస్వామి ఓరగా చూసి మళ్ళీ కిటికీలోకి తిరిగాడు.

అంతా బానే ఉంది. వేళ్ళు తేలిగ్గా ఉన్నాయి, రెక్కలు సమంగా ఉన్నాయి. మొదటి మలుపు తిరిగి ఎత్తు సరిచేసుకుని, రేడియోలో తన చోటు చెప్పింది. "వెయ్యిలో ఉన్నాను." వెంటనే ఇంకో గొంతు పలికింది. "నేను పదహారు వందల్లో, రౌండులోకి వస్తున్నాను. వెయ్యి అన్న విమానం నాకు బాగా కిందుంది, పర్లేదు." మంచిదేలే అనుకుని ఆమె తల తిప్పింది. ఆ విమానం పైన లేదు. కుడివైపు, సరిగ్గా ఆమె కంటి ఎదురుగా, రెక్కల మీది అంకెలు చదవగలిగేంత సమానంగా ఇటే వస్తోంది.

"నాకివ్వండి" అన్నాడు మౌనస్వామి. ఆమె రెండు చేతులూ వదిలేసింది. అతను విమానాన్ని ఒరిగించి పక్కకి తప్పించాడు, రేడియోలో రెండు ముక్కలు చెప్పాడు. కంగారు లేదు, కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది.

అప్పుడు చూసింది ఎత్తుమీటరు వంక. బయల్దేరే ముందు దాని కింది మరని తానే తిప్పి ముల్లుని సున్నా మీద పెట్టింది. పాత దేశంలో అంతే, బయల్దేరే చోటే సున్నా, రౌండు వెయ్యిలో. నేల ఎంత ఎత్తున ఉన్నా సరే, అక్కడినుంచే లెక్క. మౌనస్వామి చెప్పింది చెవి విన్నది, చెయ్యి వినలేదు. నోటితో "సరే సార్" అని, చేత్తో పాత పని చేసేసింది. ఇద్దరూ ఉన్నది ఒకే ఎత్తులో. చెప్పుకున్న అంకెలే వేరు.

దిగాక మౌనస్వామి తలుపు తెరిచి కాళ్ళు బయట పెట్టి కూర్చున్నాడు. "విమానం చాలా బాగా నడిపారు మేడమ్. కానీ ఈ దేశంలో నడపలేదు. ఆ దేశంలోనే నడిపారు."

"మీరు బయల్దేరేటప్పుడే చూసి ఉంటారు కదా సార్?"

"చూశాను. ఎప్పుడు పట్టుకుంటారా అని ఆగాను. ఆ రెండోవాడు అంత దగ్గరికి వస్తాడనుకోలేదు, ఆ తప్పు నాది." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఇవాళ్టికి పాస్ చెయ్యలేను. రేపు పొద్దున్న ఖాళీ ఉంది, రండి. రేపు కూడా చెయ్యి ఆ మర మీదికే పోతే, ఇక వద్దులెండి."

బస్సులో కూర్చున్నాక ఆమె ఒక్కసారే కళ్ళు తుడుచుకుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచింది.

ఇంట్లో టీవీ ఆగి ఉంది. ఆయన వంటింట్లో రెండు కప్పులు కడిగి బోర్లించాడు. ఆమె మొహం చూశాడు. "నేను చెప్పలేదూ" అంటాడని ఆమె సిద్ధపడింది. దానికి జవాబు కూడా బస్సులోనే తయారు చేసుకుంది.

"సున్నా పెట్టావా?" అన్నాడు.

ఆమె బిత్తరపోయింది. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నేనైనా సున్నాయే పెట్టేవాణ్ణి." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పొద్దుట్నుంచీ అదే అనుకుంటున్నాను. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

ఇన్నేళ్ళలో ఆయన నోట తనూ తప్పు చేసేవాణ్ణన్న మాట ఆమె వినడం ఇదే మొదలు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

ఆయన లేచి అలమర పైనుంచి తూకం దించాడు. పిండీ పంచదారా తూచుకునే ముల్లు తూకం, గుండ్రటి ముఖం, కింద సరిచేసే మర. దాని మీద బరువైన గిన్నె పెట్టాడు. ముల్లు జరిగి ఓ చోట ఆగింది.

"పంచదార తూచు."

ఆమె చెయ్యి దానంతటదే మర మీదికి వెళ్ళింది, గిన్నె బరువు తీసేసి ముల్లుని సున్నాకి తేవడానికి. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తిప్పకు. గిన్నె బరువు ఉండనీ. అక్కణ్ణుంచే మొదలెట్టు."

"వంటింట్లో ముప్ఫై ఏళ్ళుగా తిప్పుతున్నానండీ దీన్ని!"

"అందుకే కదా చెబుతున్నది. తియ్యి, మళ్ళీ పెట్టు."

గిన్నె తీశారు, పెట్టారు. ఆయన మధ్యలో ఇంకేవో కబుర్లు పెట్టి, ఉన్నట్టుండి "తూచు" అనేవాడు. మొదట్లో వేళ్ళు మర దాకా పోయి ఆగేవి. తర్వాత సగం దారిలో ఆగేవి. గిన్నె మార్చాడు, ఇత్తడిది పెట్టాడు, ప్లాస్టిక్‌ది పెట్టాడు. "ఈ ఊరి ఎత్తెంత?" అని అడిగేవాడు, ఆమె ముల్లు చదివేది. బల్లంతా పంచదార పలుకులు. చీమలొస్తాయని ఆమె అంటే, "రానీ, వాటికీ నేర్పిద్దాం" అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక ఆయన వేసిన మొదటి హాస్యం అది. ఆమె నవ్వింది. ఈ నవ్వు మాత్రం పిలిస్తేనే వచ్చింది.

మర్నాడు ఆయనే కారు తీశాడు. ఫ్లాస్కు తనే నింపాడు, టీలో పంచదార ఎక్కువేశాడు. క్లబ్బు దగ్గర ఆమె షెడ్డు వైపు వెళుతుంటే ఆయన ఒక్క అడుగు ఆమె వెనకే వేసి ఆగిపోయాడు. విమానాన్ని చూశాడు. తలుపు తెరిచి ఉంది, రెండు సీట్లు. ఆయన గొంతు దగ్గర మఫ్లరు ముడి సర్దుకుని, వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు.

మౌనస్వామి ఆమె పక్కన ఎక్కాడు. ఆమె ముల్లుని సరిచేసింది. ఆరు వందలు. చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఈ ఊరు ఆరు వందల్లో ఉంది" అని తనకి తానే చెప్పుకుంది. మౌనస్వామి గుర్రుమన్నాడు, అది మెచ్చుకోలని ఆమెకి తర్వాత తెలిసింది. రెండు రౌండ్లు కొట్టించాడు. మూడోసారి దిగాక ఇంజను ఆపనివ్వకుండా బెల్టు విప్పుకున్నాడు. "ఇప్పుడు మీరొక్కరే. ఒక్క రౌండు కొట్టి రండి. బావుంటే ఇంకోటి." తలుపు మూసి, రెక్క మీద అరచేత్తో రెండు తట్లు తట్టి పక్కకి నడిచాడు.

పక్క సీటు ఖాళీ. బొద్దు మనిషి దిగిపోయిన విమానం కడుపు తేలికైనట్టు పరుగెత్తింది. గరగర వెన్నులోకి రాకముందే ఆగిపోయింది. ఎంత తొందరగా అంటే, ఆమె "హమ్మయ్య" అనడం కూడా మర్చిపోయింది. షెడ్డు రేకులు, రోడ్డు, ఆ రోడ్డు మీద నిన్న ఆమె వచ్చిన నంబరు బస్సు కాబోలు, అన్నీ కిందికి కిందికి వెళ్ళిపోయాయి. ముల్లు పదహారు వందల మీదికొచ్చి నిలబడింది. "పదహారు వందల్లో ఉన్నాను" అంది రేడియోలో. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

క్లబ్బు పక్కగా వచ్చినప్పుడు ఎడమవైపు కిందికి చూసింది. ఆయన్ని వెతికింది. చారల సంచీ దొరికింది, షెడ్డు దొరికింది, షెడ్డు ముందు అగ్గిపుల్ల విరిచి పెట్టినట్టు బల్ల దొరికింది. దాని పక్కన ఒక చుక్క. చుక్కంటే చుక్కే. దానికి చేతులు లేవు. ఆమె కళ్ళు చిట్లించి చూసింది, రెక్కని కాస్త వంచి చూసింది. డాక్టరు భేషని చెప్పిన కళ్ళు అవి. పెళ్ళికి ముందు ఆమె ఒంటరిగా ఎగిరిన రోజుల్లో కింద ఆమె కోసం ఎవరూ నిలబడలేదు. అందుకే ఈ సంగతి ఆమెకి తెలిసే అవకాశమే రాలేదు. ఆ చుక్క వైపు చూస్తూనే ఆమె మలుపు తిరిగింది. ఎన్ని ఆదివారాలు! చెయ్యి నొప్పి పుట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని దాన్ని కూడా ఊపించిన ఆదివారాలు.

దిగింది. చక్రాలు నేలని తాకి మళ్ళీ గరగరమన్నాయి. ఇంజను ఆపాక ప్రొపెల్లరు ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. మౌనస్వామి దూరం నుంచే బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆయన బల్ల ముందు అడ్డంగా కట్టిన తాడు దాటి గబగబా వచ్చాడు, ఒక చేతిలో ఫ్లాస్కు మూత, ఇంకో చేతిలో కప్పు, కప్పులోంచి టీ తొణుకుతోంది. జుట్టంతా గాలికి లేచిపోయింది.

"ఎలా ఉంది గాలి?" అన్నాడు. ఆమె జవాబు చెప్పకముందే, "ఎంతసేపూ చెయ్యి ఊపుతూనే ఉన్నాను. కనిపించిందా?"

ఆమె కప్పు అందుకుంది. ఆయన మొహంలోకి చూసింది. "కనిపించింది" అనడం ఎంత తేలికో, ఆ ఒక్క మాటతో ఆ మొహం ఎలా వెలిగిపోతుందో ఆమెకి తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలీదు. ఆ వెలుగులోనే కదా తను అన్నేళ్ళు కూర్చుంది.

"లేదండీ" అంది. "పైనుంచి బల్లే అగ్గిపుల్లంత ఉంది. చెయ్యి కనిపించదు."

ఆయన ఫ్లాస్కు మూతని చేతిలో తిప్పాడు.

"అవును. కనిపించదు." మూతని జేబులో వేసుకుని, "మొదటిసారి నువ్వు అంత ఆశగా అడిగావు. ఊఁ అనేశాను. తర్వాత మార్చడానికి ఎప్పుడూ కుదర్లేదు" అన్నాడు.

టీ చల్లారిపోయింది. గాల్లోంచి దిగినవాళ్ళు తాగే టీ ఎప్పుడూ చల్లారే ఉంటుందని ఆమెకి ఇవాళే తెలిసింది. ఆయన ఒక్కనాడూ ఆ మాట అనలేదు. పంచదార మాత్రం అడుగున దండిగా ఉంది. కప్పు ఖాళీ చేసి ఆయన చేతికిచ్చింది.

"ఇంకో రౌండుంది" అంది తలుపు తెరుస్తూ. "ఈసారి చెయ్యి కాదు, మెళ్ళో ఆ మఫ్లరు తీసి ఊపండి. ఎర్రది కదా, అది కనిపిస్తుందేమో చూస్తాను. కనిపించకపోతే కనిపించలేదనే చెబుతాను."

ఆమె బెల్టు బిగించుకుని తల తిప్పేసరికి ఆయన బల్ల వైపు నడుస్తున్నాడు. కప్పు చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో మెడ దగ్గర ముడి విప్పుకుంటున్నాడు. అది ఆమె వేసిన ముడి. ఓ పట్టాన రావడం లేదు.